ఏలియన్: ఐసొలేషన్‌కు ఇన్ని పొగడ్తలు ఎందుకో నాకు మింగుడు పడడం లేదు

#1 · కృష్ణాతీరం

భయపెట్టే వీడియో ఆటల సంగతి ఎప్పుడు వచ్చినా ఇక్కడ ఎవరో ఒకరు ఏలియన్: ఐసొలేషన్ పేరెత్తుతారు. సర్వైవల్ హారర్‌లో దీన్ని మించినది రాలేదనీ, ఇంత తెలివైన శత్రువు మరే ఆటలోనూ లేదనీ రాస్తారు. ఆ మాటల మీద నమ్మకంతోనే కొన్నాను. హార్డ్ అనే కష్టమైన స్థాయిలో పెట్టి 18 మిషన్లూ పూర్తిచేశాను. నాకు కలిగిన అభిప్రాయం ఆ పొగడ్తలకు చాలా దూరంగా ఉంది. ఈ ఆటంటే ప్రాణం పెట్టేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారని తెలుసు. వాళ్ల జవాబులే నాకు కావాలి.

మెచ్చుకోవలసినవి ముందు చెబుతాను. సెవాస్తోపోల్ అంతరిక్ష కేంద్రాన్ని కట్టిన తీరుకు చేతులెత్తి మొక్కాలి. కథ జరిగేది 2137లో. కంటికి కనిపించేదంతా, ఈ ఆటకు మూలమైన ఏలియన్ సినిమా వచ్చిన 1979లో మనుషులు ఊహించుకున్న భవిష్యత్తు. లావుపాటి గాజు తెరలు, పచ్చటి అక్షరాలు, నొక్కితే టక్కుమనే మీటలు, బల్లల మీద నీళ్లలో ముక్కు ముంచి లేచే బొమ్మ పక్షులు. మనం ఆడే పాత్ర అమాండా రిప్లీ అక్కడ అడుగుపెట్టాక చాలాసేపటి వరకు ఆమెను వేటాడే ఏలియన్, ఆ గ్రహాంతర జంతువు, కనిపించదు. ఖాళీ నడవాలు, గోడల మీద కోపంతో గీసిన రాతలు, ఎక్కడో ఇనుము మూలిగిన చప్పుడు. నన్ను నిజంగా వణికించిన భాగం అదే.

ఇక అసలు విషయం. అయిదో మిషన్‌లో శాన్ క్రిస్టోబాల్ ఆసుపత్రి వస్తుంది. అమాండాతో పాటు వచ్చి గాయపడిన టేలర్ కోసం మందుల పెట్టె తేవాలి. డాక్టర్ కూల్‌మన్ తలుపు వెనక కూర్చుని, ముందు ఫలానా గదికి వెళ్లి తాళపు కార్డు తెమ్మంటాడు. ఆ జంతువు వార్డుల మధ్య తిరుగుతూ ఉంటుంది. మొదటిసారి అది నన్ను పట్టుకున్నప్పుడు చేతిలో కంట్రోలర్ జారింది. రెండోసారి ఉలిక్కిపడ్డాను. ఆ తర్వాత చచ్చిన ప్రతిసారీ నాలో మిగిలింది విసుగు ఒక్కటే. ‘మళ్లీ ఆ మంచం కింద నుంచి ఈ మంచం కిందికి పాకాలి, మళ్లీ ఆ కంప్యూటర్ తెరవాలి’ అని లెక్కలు వేసుకోవడం మొదలైంది. భయపడుతున్న మనిషి లెక్కలు వేయడు. ఆ జంతువు నా కళ్ల ముందే రాక్షసి నుంచి ఒక అడ్డంకిగా మారిపోయింది, ఆ తర్వాత మళ్లీ రాక్షసి కాలేదు.

మరి అంతా చెప్పే ఆ ‘తెలివి’ ఏ క్షణంలో కనిపించింది మీకు? నాకు కనిపించింది ఊహించలేనితనం మాత్రమే. అది కుడికి వెళుతుందో ఎడమకు వెళుతుందో తెలియకపోవడం వేరు, నా పథకాన్ని పసిగట్టి అది నన్ను చుట్టుముట్టడం వేరు. రెండోది నాకు ఒక్కసారి కూడా జరగలేదు.


#2 · విశాఖ_రాత్రులు

కృష్ణాతీరం గారూ, మీతో ఒక్క వాక్యంలోనూ ఏకీభవించలేకపోతున్నాను, ఆ బొమ్మ పక్షుల దగ్గర తప్ప.

మీరు విసుగు అంటున్న చోటే నాకు ఈ ఆట గొప్పతనం ఉంది. మిగతా దాక్కునే ఆటల్లో కాపలావాడు ఒకే దారిలో తిరుగుతాడు. ఆ దారి కంఠతా వస్తే ఇక వాడు కదిలే బొమ్మే. ఇక్కడ మీరు చచ్చి, మళ్లీ అదే సేవ్ నుంచి మొదలుపెట్టినా జంతువు అదే చోట ఉండదు, అదే దారిలో రాదు. ఆసుపత్రిలో నేను దాక్కున్న లాకరు ముందు అది నిలబడి వాసన చూసింది. వెనక్కి ఒరిగి ఊపిరి బిగబట్టాను. ఎక్కువసేపు బిగబడితే ప్రాణం తగ్గిపోతూ ఉంటుంది, వదిలితే వినబడుతుంది. ఆ కొన్ని క్షణాలు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. మరుసటిసారి అదే లాకరులో దాక్కుంటే అది ఆ గదిలోకే రాలేదు. అయినా తలుపు తెరవడానికి ధైర్యం చాలలేదు. వచ్చినప్పుడు భయం, రానప్పుడు అంతకు మించిన భయం. దీన్ని అడ్డంకి అని ఎలా అంటారు?


#3 · యంత్రభాష

‘తెలివి’ అనే మాట దగ్గర ఇద్దరూ పేచీ పడుతున్నారు కనుక లోపల జరిగేది కొంచెం చెబుతాను. నేను ప్రోగ్రామింగ్ చేసేవాడిని, ఈ ఆట మీద వచ్చిన సాంకేతిక విశ్లేషణలు ఆసక్తిగా చదివాను.

ఇందులో రెండు మెదళ్లు ఉన్నాయి. పైనున్న దాన్ని డైరెక్టర్ అంటారు. మీరు ఎక్కడ ఉన్నారో దానికి ఎప్పుడూ తెలుసు. కిందనున్నది జంతువు మెదడు. దానికి కళ్లు, చెవులే ఆధారం, మీరు ఎక్కడ ఉన్నారో దానికి తెలియదు. దాగుడుమూతల్లో వెతికే పిల్లవాడికి మీరు ఏ గదిలో ఉన్నారో చెప్పకుండా, ‘పెరటి వైపు చూడరా’ అని అమ్మమ్మ చెవిలో ఊదినట్టు, డైరెక్టర్ జంతువుకు ఒక దిక్కు మాత్రం చూపిస్తుంది. ఆ తర్వాత వెతుక్కోవడం దాని పని. కనుక అది మోసం చేయడం లేదు. మిమ్మల్ని పట్టుకుందంటే చూసో, వినో పట్టుకున్నదే.

ఇంకొకటి. డైరెక్టర్ దగ్గర ఒక ఒత్తిడి కొలత ఉంటుంది. జంతువు మీకు దగ్గరగా తిరుగుతున్నకొద్దీ, మీ కంట్లో పడుతున్నకొద్దీ అది పెరుగుతుంది. ఒక హద్దు దాటగానే డైరెక్టర్ జంతువును పైకి, గాలిగొట్టాల్లోకి పంపించేస్తుంది. మీకు ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది. తర్వాత మళ్లీ దించుతుంది. పైగా జంతువు ప్రవర్తనలో కొన్ని భాగాలు మొదట్లో మూసి ఉంచారు, ఆట సాగేకొద్దీ తెరుచుకుంటాయి. అందుకే అది మన దగ్గర నేర్చుకుంటున్నట్టు అనిపిస్తుంది.

2014లో ఇది మామూలు పని కాదు. టోటల్ వార్ లాంటి యుద్ధవ్యూహాల ఆటలకు పేరుపడ్డ క్రియేటివ్ అసెంబ్లీ ఇలాంటిది చేస్తుందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు.


#4 · పదహారోమెట్టు

నేను ఇంకా ఆడలేదు. నా దగ్గర ఉన్నది ఫోను ఒక్కటే, అందులోనూ వచ్చిందని విన్నాను. చదువుతూ ఉంటాను. కథ చివర మాత్రం ఎవరూ చెప్పకండి, దయచేసి.


#5 · కృష్ణాతీరం

యంత్రభాష గారూ, చాలా థాంక్స్. మీరు ఆటను సమర్థిస్తూ రాశారు కానీ నాలో గూడుకట్టుకున్న అసంతృప్తికి కారణం మీ మాటల్లోనే దొరికింది.

లాకరులో దాక్కున్నాను. జంతువు గదంతా తిరిగి, చివరికి పైకప్పులోని గొట్టంలోకి ఎక్కి వెళ్లిపోయింది. నేను హమ్మయ్య అనుకున్నాను, నా జాగ్రత్త ఫలించిందనుకున్నాను. మీరు చెప్పిన దాని ప్రకారం అది వెళ్లింది నా జాగ్రత్త వల్ల కాదు. ఒత్తిడి కొలత నిండింది కనుక డైరెక్టర్ పిలిచేసింది. అలాగే నేను మరో నడవాలోకి, మరో అంతస్తులోకి చేరుకున్నప్పుడు కాసేపటికే అది నెత్తిమీద ప్రత్యక్షం కావడానికి నా తప్పు ఏమీ లేదు. డైరెక్టర్ నా వైపు చెయ్యి చూపించింది. అంటే నేను బాగా ఆడినా అది వస్తుంది, ఆడకపోయినా వెళుతుంది.

దీన్నే నేను ఆడుతూ ఆడుతూ పసిగట్టాను, పేరు మాత్రం పెట్టలేకపోయాను. సగం ఆట అయ్యేసరికి నా పద్ధతి ఇలా స్థిరపడింది: ఒక లాకరు, దాని లోపల కూర్చుని, కదిలేవాటిని చుక్కగా చూపే మోషన్ ట్రాకర్ వంక చూడడం, చుక్క దూరమయ్యేదాకా ఆగడం, బయటికి వచ్చి కొంత దూరం నడవడం, మళ్లీ లాకరు. ఆట నా దగ్గర కోరింది ఓపిక. నైపుణ్యం కోరలేదు. భయమూ నైపుణ్యమూ కలిసి నడిచే ఆటలు నాకు ఇష్టం. గుండె దడదడలాడుతున్నా చేతిలో ఉన్న మూడు తూటాలతో ఏం చేయాలో నిర్ణయించుకోవలసి రావడం, ఆ నిర్ణయం ఫలితాన్ని మరో గంట మొయ్యడం, అదీ సర్వైవల్ హారర్. రెసిడెంట్ ఈవిల్‌లో సంచిలో పట్టే వస్తువులు ఆరో ఎనిమిదో మాత్రమే. ఏది మోసుకెళ్లాలి, ఏది వదలాలి అన్న తర్జనభర్జనలోనే సగం భయం ఉంటుంది. ఇక్కడ పొగబాంబు, శబ్దపు పరికరం, పెట్రోలు సీసా అన్నీ తయారు చేసుకోవచ్చు. కానీ జంతువు ముందు వాటికి ఉన్న విలువ కొన్ని సెకన్లు. తయారు చేసుకుంటూ ఉండగా కాలం ఆగదు కనుక లాకరులో కూర్చుని చేసుకోవడమే మేలు. మళ్లీ లాకరే.


#6 · నీలిదీపం

అందరూ కంటికి కనిపించేదాని గురించే మాట్లాడుతున్నారు. ఈ ఆటను చెవులతో ఆడాలి. మామూలు టీవీ స్పీకర్లతో ఆడినవాళ్లకు సగం ఆట అందలేదని నా నమ్మకం. ధ్వని మిశ్రమం నా వృత్తి కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక గదిలో కదలకుండా నిలబడి వినండి. జంతువు గొట్టాల్లో ఉంటే రేకు మీద గరగరా పాకుతున్న చప్పుడు తల పైనుంచి జరుగుతూ వెళుతుంది. కిందికి దిగితే ఆ చప్పుడు ఆగి, ధప్ ధప్ మని బరువైన అడుగులు మొదలవుతాయి. ఏ గొట్టం కింద నిలబడకూడదో పైనుంచి కారే చొంగ చెబుతుంది. 1979 సినిమాకు జెర్రీ గోల్డ్‌స్మిత్ కట్టిన బాణీలను తీసుకుని, జంతువు దూరాన్ని బట్టి తీగవాద్యాలు ఎగిసి పడేలా అల్లారు. మోషన్ ట్రాకర్ బీప్‌మంటుంది కదా, జంతువు దగ్గరగా ఉంటే ఆ బీప్ కూడా వింటుంది. ప్రాణం కాపాడే పరికరమే ప్రాణం మీదికి తెస్తుంది. దాన్ని పైకెత్తితే వెనకున్న గది మసకబారుతుంది. దూరాన్ని చూడాలా, చేతిలోని తెరను చూడాలా అని ప్రతి క్షణం ఎంచుకోవాలి. కృష్ణాతీరం గారు అడిగిన నిర్ణయాలు ఇవే కదా?

ప్లేస్టేషన్ 4 కెమెరా, ఎక్స్‌బాక్స్ వన్ కైనెక్ట్ ఉన్నవాళ్లకు ఇంకో సదుపాయం కూడా పెట్టారు. మైకు తెరిచి ఉంచితే మన గదిలో చప్పుడు కూడా జంతువుకు వినబడుతుంది. ఇల్లంతా పడుకున్నాక అలా ఆడి చూడండి. దగ్గు వస్తే దిండులో మొహం పెట్టుకోవలసిందే.

సేవ్ చేసే పద్ధతి గురించి ఎవరూ రాయలేదేమిటి? గోడకు బిగించిన అత్యవసర ఫోను. కార్డు దూర్చాలి. మూడు దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి, ఒక్కోదానికి ఒక్కో బీప్. మూడోది వెలిగేదాకా సేవ్ కాదు. ఆ కాసేపూ మన వీపు మొత్తం నడవాకు తిరిగి ఉంటుంది. శత్రువు దగ్గరలో ఉంటే ఆట ముందే హెచ్చరిస్తుంది, చేయాలో వద్దో మన ఇష్టం. రెండో దీపం వెలిగాక వెనక ధప్ మని వినబడితే ఎలా ఉంటుందో ఆడినవాళ్లకే తెలుసు.


#7 · విశాఖ_రాత్రులు

నీలిదీపం గారూ, ఆ రెండో దీపం మాట చదువుతుంటే ఒళ్లు జలదరించింది.


#8 · పాతక్యాసెట్

డల్లాస్ నుంచి. నేను ఆ సినిమా పిచ్చివాడిని. ఈ ఆట నాకు దొరికిన వరం. అయినా కృష్ణాతీరం గారి పక్షాన ఒక మాట చెప్పాలి.

తయారీ సంగతి ముందు. ఆ సినిమా తీసిన ఫాక్స్ సంస్థ తమ భాండాగారం నుంచి అసలు సినిమాకు సంబంధించిన మూడు టెరాబైట్ల సామగ్రి వీళ్లకు ఇచ్చింది: ఛాయాచిత్రాలు, సెట్ల నమూనాలు, దుస్తుల వివరాలు. ఆటలో తెరల మీద కనిపించే బొమ్మలు అలా చెదిరిపోయినట్టు ఎందుకు ఉంటాయో తెలుసా? వాటిని నిజంగానే పాత వీహెచ్ఎస్ టేపుల మీదికి ఎక్కించి, పాత టీవీలో ఆడించి, ఆ చెదిరిన దృశ్యాన్ని మళ్లీ రికార్డు చేసుకున్నారు. జంతువు కాళ్లు కూడా మార్చారు. సినిమాలో మనిషి తొడుక్కున్న వేషం కనుక మనిషి కాళ్లే. ఆటలో గంటల తరబడి చూస్తాం కనుక వేషం అని తెలిసిపోకుండా వెనక్కి వంగిన కాళ్లు పెట్టారు. ఇంత శ్రద్ధ పెట్టినవాళ్ల మీద నాకు గౌరవం తగ్గదు.

నాకు అభ్యంతరం నిడివితోనే. ముందుగా హెచ్చరిక, ఇక్కడి నుంచి కథ చెబుతున్నాను, పదహారోమెట్టు ఈ పేరా దాటెయ్యి. పదో మిషన్‌లో అమాండా జంతువును ప్రయోగశాలలోకి రప్పిస్తుంది. కేంద్రంలో శాంతిభద్రతలు చూసే మార్షల్ వెయిట్స్ ఆమె లోపల ఉండగానే ఆ భాగం మొత్తాన్ని కేంద్రం నుంచి విడగొట్టేస్తాడు. ఆమె అంతరిక్షపు దుస్తుల్లో దూకి బతికి బయటపడుతుంది. ద్రోహం, త్యాగం, విడుదల, అన్నీ అక్కడ ఉన్నాయి. కథ అక్కడ ముగించదగినది. కానీ ఇంకా ఎనిమిది మిషన్లు! మరమనుషులు తిరగబడతారు, తర్వాత రియాక్టర్ దగ్గర ఆ జంతువుల పుట్ట బయటపడుతుంది, అక్కడ ఒకటి కాదు, చాలా ఉన్నాయని తెలుస్తుంది. ఒక్కటే ఉండడం వల్ల దానికి వచ్చిన భయంకరత్వం అక్కడితో కరిగిపోయింది. ఆ తర్వాత మీట లాగు, కరెంటు పెట్టు, లిఫ్టు ఎక్కు, అది పనిచేయదు, ఇంకో దారి వెతుకు. ఇదే వరస చివరిదాకా.


#9 · నిర్వాహకుడు

పాతక్యాసెట్ గారు హెచ్చరించి రాశారు, సంతోషం. మిగతావారు కూడా పదో మిషన్ తర్వాతి విషయాలకు ముందు హెచ్చరిక పెట్టండి.


#10 · యంత్రభాష

కృష్ణాతీరం గారూ, ‘నేను బాగా ఆడినా వస్తుంది’ అన్న మాట సగమే నిజం. డైరెక్టర్ దిక్కు చూపించేది నిజమే. అక్కడికి వచ్చాక మీరు పరుగెత్తితే వింటుంది, టార్చి వేస్తే చూస్తుంది. శబ్దపు పరికరం అవతలి గదిలోకి విసిరితే అటు పోతుంది, అక్కడ మనుషులు ఉంటే వాళ్ల పని పడుతుంది. తుపాకులు పట్టుకుని దారికి అడ్డంగా కూర్చున్న దోపిడీదారుల మధ్యకు అలా జంతువును దించి, గోడ చాటున కూర్చుని ఆ అరుపులు వినడం నైపుణ్యం కాదంటారా?

అయితే ఒక విషయం ఒప్పుకోవాలి. దాని తాడు మరీ పొట్టి. అంత పెద్ద కేంద్రంలో అది ఎప్పుడూ మన చుట్టుపక్కలే తిరుగుతుంది. దూరంగా ఎక్కడో దాని పని అది చూసుకుంటోంది అన్న భావన రాదు. కారణం స్పష్టమే. మరీ వదిలేస్తే చాలామందికి చాలాసేపు జంతువే ఎదురుకాకపోవచ్చు. అప్పుడు ఇదే వేదికలో ‘ఏలియన్ ఆటలో ఏలియన్ లేదు’ అని ఫిర్యాదు వచ్చేది.


#11 · కృష్ణాతీరం

ఆ ఫిర్యాదు నేను చేసేవాడిని కాదు. మొదటి గంటలు నాకు అన్నిటికన్నా నచ్చాయని మొదటే రాశాను. అక్కడ జంతువు లేదు, ఉండవచ్చునన్న అనుమానం ఉంది. తాడు పొడుగు చేసి, అది అప్పుడప్పుడు మాత్రమే వచ్చేలా చేసి, వచ్చినప్పుడు తప్పించుకోవడం నిజంగా నా చేతుల్లో పెట్టి ఉంటే ఈ చర్చ మొదలుపెట్టేవాడినే కాదు.

ఇంకో మాట అంటే విశాఖ_రాత్రులు గారికి కోపం వస్తుందేమో. నాకు ఈ ఆటలో జంతువు కన్నా వర్కింగ్ జోలు, అంటే కేంద్రంలోని మరమనుషులు, భయంకరం. రబ్బరు మొహాలు, పాలిపోయిన చర్మం, మెరిసే కళ్లు. మర్యాదగా మాట్లాడుతూనే నడిచి వచ్చి గొంతు పట్టుకుంటాయి. పరుగెత్తవు. వాటికి తొందర లేదు. వాటి నియమం నాకు తెలుసు: ఫలానా గదిలోకి అడుగుపెడితే తరుముతాయి, చాటుకు వెళితే వెతుకుతాయి. నియమం తెలిసీ తప్పనిసరై ఆ గదిలోకే వెళ్లవలసి రావడం ఉంది చూడండి, ఆ భయం చివరిదాకా నాలో తగ్గలేదు. ఇనుప కడ్డీతో ఎదురుగా కొట్టబోతే చెయ్యి పట్టేసుకుంటాయి. విద్యుత్ కర్రతో కుప్పకూల్చడం నేర్చుకున్నాక, అది పనిచేయని రక్షణ దుస్తులు వేసుకున్నవి వస్తాయి. నేను నేర్చుకున్నదాన్ని ఆట తిరగదోడింది, నేను కొత్త దారి వెతుక్కున్నాను. జంతువుతో నాకు ఈ సంభాషణ కుదరలేదు.

పొగడ్తల విషయం కూడా చెబుతాను. ఆటలను సమీక్షించే పీసీ గేమర్ 100కు 93 ఇచ్చింది, అలాంటిదే అయిన ఐజీఎన్ 10కి 5.9 ఇచ్చింది. ఇప్పుడు ఆ రెండో అంకెను అందరూ నేరంలా చూపిస్తారు. ఎవరు ఎక్కువ ఇచ్చారు, ఎవరు తక్కువ ఇచ్చారు అన్నది వదిలేసి, ఒకే ఆట ఇద్దరికి ఇంత వేరుగా ఎందుకు తగిలింది అని అడగాలి. అదృష్టం బాగుండి తక్కువసార్లు చచ్చినవాళ్లకు భయం నిలిచింది. పదేపదే చచ్చినవాళ్లకు భయం ఆవిరైంది. డైరెక్టర్ ప్రతి ఆటగాడికీ వేరే ఆటను చూపిస్తుంది కనుక ఇది తప్పదు. మీకు దొరికిన గొప్ప ఆట నాకు దొరకలేదు. ఇద్దరం ఒకే ధర చెల్లించాం.


#12 · విశాఖ_రాత్రులు

కోపం లేదు. మీరు శ్రద్ధగా ఆడి రాస్తున్నారు, అది కనిపిస్తోంది. కానీ పదేపదే చావడం గురించి నా అనుభవం మీకు పూర్తిగా విరుద్ధం.

2015లో ఉచితంగా నైట్‌మేర్ స్థాయి ఇచ్చారు. అందులో దారి చూపే పటం ఉండదు, ట్రాకర్ సరిగా పనిచేయదు, వస్తువులు దొరకవు, జంతువుకు చెవులు మరీ చురుకు. మీ లాకరు పద్ధతితో అక్కడ బతకలేరు, దాక్కుని ఎక్కువసేపు కూర్చుంటే వెతికి తీస్తుంది. కదులుతూనే ఉండాలి. తలుపు దగ్గర వంగి చెవి పెట్టి, అడుగుల చప్పుడు ఏ వైపు పోతుందో విని, బల్లల చుట్టూ తిరిగి దాని వెనకే నడిచే స్థితికి వస్తాం. ఫ్లేమ్‌త్రోవర్ చేతికి వచ్చాక చాలామంది ధీమాగా మంట చిమ్ముతారు. అది కొంతకాలానికి మంటకు అలవాటు పడుతుంది, కాస్త దూరంగా నిలబడి చూస్తుంది, సందు చూసి మీద పడుతుంది. ఇంధనం వృథా చేయకుండా మంటను కేవలం చూపించి వెనక్కి పంపించడం ఒక విద్య. హార్డ్‌లో లాకరుతో నెట్టుకొచ్చినవాళ్లకు అది చేయవలసిన అవసరమే రాదు. మీరు ఓపిక అన్నది నాకు అక్కడ నైపుణ్యమే అయింది.


#13 · కృష్ణాతీరం

ఆట మొత్తం ఒకసారి పూర్తిచేసి, రెండోసారి అంతకన్నా కష్టమైన స్థాయిలో ఆడితేనే ఆ నైపుణ్యం అవసరం పడుతుందంటే, మొదటిసారి ఆడేవాళ్లకు తయారీదారులు ఇచ్చింది ఏమిటి? ఎలా ఆడితే బాగుంటుందో ఆటే నేర్పాలి. వాళ్లు స్వయంగా సిఫారసు చేసిన స్థాయి హార్డ్. అదే ఆడాను. ఆ స్థాయిలో లాకరే తేలిక దారి. తేలిక దారి ఉంచి, దాన్నే ఎంచుకున్నందుకు ఆటగాడిని తప్పుపట్టకూడదు.


#14 · నీలిదీపం

ఈ ఒక్క మాట మాత్రం న్యాయంగా ఉంది. లాకరులో కూర్చుంటే ధ్వని కూడా చచ్చిపోతుంది, అంతా మూతపడిన పెట్టెలోంచి విన్నట్టే ఉంటుంది. నేను దాదాపు లాకర్లు వాడలేదు, బల్లల కిందే ఉండేదాన్ని. ఒకే ఆట మనకు ఇంత వేరుగా కనిపించడానికి అదే కారణం అయి ఉంటుంది.

వర్కింగ్ జోల గురించి మాత్రం ఒప్పుకోను. ఆ గొంతులు మొదట భయపెడతాయి, తర్వాత అవే నాలుగు వాక్యాలు తిప్పి తిప్పి అంటాయి. జంతువు గొంతు నాకు ఒక్కసారి కూడా పాతబడలేదు.


#15 · పదహారోమెట్టు

పాతక్యాసెట్ అన్నయ్యా, ఆ పేరా దాటేశాను. అందరికీ ఒక ప్రశ్న. ఫోనులో ఆడవచ్చా? 2021లో వచ్చిందట. తెర మీద వేళ్లతో ఇదంతా సాధ్యమేనా?


#16 · పాతక్యాసెట్

సాధ్యమే తమ్ముడూ. ఫెరల్ ఇంటరాక్టివ్ వాళ్లు చాలా శ్రద్ధగా చేశారు. అంతకు ముందు 2019లో నింటెండో స్విచ్‌కు తెచ్చింది కూడా వాళ్లే. అదనంగా వచ్చిన కథాభాగాలు కూడా అందులో కలిపే ఇచ్చారు. వాటిలో, సినిమాలోని నోస్ట్రోమో నౌకలో జరిగే రెండు చిన్న భాగాలకు సినిమా కథానాయిక సిగోర్నీ వీవర్ స్వయంగా గొంతు ఇచ్చారు. నాకైతే ఆ రెండింటి నిడివే ఈ ఆటకు సరైన నిడివి. ఫోనుకు బ్లూటూత్ కంట్రోలర్ దొరికితే తగిలించుకో, లేకపోయినా హెడ్‌ఫోన్లు మాత్రం తప్పనిసరి. నీలిదీపం గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

ఇంకో సంగతి. 2015 మార్చి నాటికి దాదాపు 21 లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. ఆటను విడుదల చేసిన సెగాకు అది చాలలేదు. అందుకే రెండో భాగం ఆశ వదిలేసుకున్నాం. మొదటి ఆట సృజన బాధ్యతలు చూసిన అలిస్టెయిర్ హోప్ పదేళ్ల తర్వాత, 2024 అక్టోబరులో, రెండో భాగం పని మొదలైందని ప్రకటించారు. కృష్ణాతీరం గారు అందులో ఏం కోరుకుంటారో వినాలని ఉంది.


#17 · కృష్ణాతీరం

అడిగారు కనుక రాస్తాను. నిడివి ఇందులో సగం చాలు. జంతువు ఒక్కటే ఉండాలి, పుట్ట వద్దు. తాడు పొడుగు చేయాలి, అది రాని గంటలు కూడా ఉండాలి. అది వెళ్లిపోయినప్పుడు ఎందుకు వెళ్లిందో నాకు తెలిసేలా ఉండాలి: నేను వేసిన ఎర వల్లనో, మూసిన తలుపు వల్లనో, చల్లార్చిన దీపం వల్లనో. దాక్కున్న చోటు ఎక్కువసేపు సురక్షితం కాదని ఆట మొదటి గంటలోనే నేర్పాలి. సేవ్ చేసే ఫోను అలాగే ఉంచవచ్చు. నీలిదీపం గారు రాసినదంతా నిజం, ఆ మూడు దీపాలు నాకూ నచ్చాయి. కాకపోతే రెండు ఫోన్ల మధ్య దూరం తగ్గించాలి. చచ్చినప్పుడు పోయేది రెండు నిమిషాల ఆట అయితే మనసులో భయం మిగులుతుంది. ఇరవై నిమిషాల ఆట పోతే కోపమే మిగులుతుంది.


#18 · యంత్రభాష

చివరి కోరికతో నాకు పేచీ ఉంది. పోయేది రెండు నిమిషాలే అయితే చావుకు ఎవరు భయపడతారు? ఆ ఇరవై నిమిషాలు పోతాయన్న బెంగే కదా మనల్ని వంగి నడిపించేది.

అది వెళ్లినప్పుడు కారణం తెలియాలన్నది మాత్రం చాలా మంచి ఆలోచన. సాంకేతికంగా కష్టం కూడా కాదు. ఒత్తిడి కొలత నిండినప్పుడు డైరెక్టర్ ఊరికే పిలిచేయకుండా, దూరంగా ఒక చప్పుడు పుట్టించి జంతువును అటు మళ్లించవచ్చు. అంతకన్నా మేలైనది, ఆటగాడు ముందే అమర్చిన ఎరల్లో ఒకదాన్ని ఆ క్షణంలో పనిచేసేలా చేయవచ్చు. లెక్క అదే, కానీ ఫలితం ఆటగాడి ఖాతాలో పడుతుంది.


#19 · కృష్ణాతీరం

ఆ రెండో పద్ధతి చేస్తే మొదటి రోజే కొంటాను. చావు సంగతిలో మాత్రం మీతో ఏకీభవించను. ఇరవై నిమిషాల బెంగ మొదటి చావు దాకానే పనిచేస్తుంది. రెండో చావు నుంచి అది బరువు.


#20 · పదహారోమెట్టు

కొన్నాను. డౌన్‌లోడ్ అవుతోంది. ఏ స్థాయిలో మొదలుపెట్టాలి?


#21 · విశాఖ_రాత్రులు

హార్డ్. లాకర్ల జోలికి పోవద్దు.


#22 · కృష్ణాతీరం

మీడియంలో మొదలుపెట్టు తమ్ముడూ. లాకర్ల విషయంలో విశాఖ_రాత్రులు గారి మాటే విను, బల్లల కింద ఉండు. అయిదో మిషన్ ఒకే రాత్రి పూర్తిచేయాలని పట్టుబట్టకు. విసుగు మొదలవగానే ఆపేసి మర్నాడు ఆడు. పదో మిషన్ అయ్యాక ఇక్కడికి వచ్చి, ఇంకా భయం వేస్తోందో లేదో రాయి. నాకు తెలుసుకోవాలని ఉంది.